‘ఇకపై ఊహించను’ అని సంతకమా?

తిరుపతిలో ఓ కాలేజీ గోడపత్రిక నుంచి మొన్న ఒక విద్యార్థి రాసిన కథను చింపేశారు. నాలుగు గుండుసూదులు, వాటి కింద కాగితం మూలలు ఇంకా బోర్డు మీదే ఉన్నాయి. కథ ఇదీ. లేని లోకం, లేని రాజ్యం. కరువు రోజుల్లో అవ్వలు పిల్లలకు చెప్పే ‘ఓర్చుకోండి నాయనా’ అన్న మాటను రాజు రాజ్యసిద్ధాంతం చేస్తాడు. మొదట బడిలో పాఠం, తర్వాత పరీక్ష, ఆఖరికి ఓర్పు సూత్రాలు అప్పజెప్పితేగానీ గింజలు కొలవరు. వరుసలో నిలబడ్డ ఓ ముసలాయన మూడో సూత్రం దగ్గర తడబడతాడు, ఖాళీ సంచితో వెనక్కి పంపేస్తారు. ఆకలేస్తోంది అన్నవాడు రాజద్రోహి.

కాలేజీలో క్రమశిక్షణ ఉండాలి, ఎవరి మనసూ నొచ్చుకోకూడదు అంటున్నారు. సరే. కానీ ఆ కథలో ఎవరి పేరూ లేదు, ఏ పార్టీ లేదు. లేని రాజు గురించి రాస్తే ఉన్న పెద్దలకు టెన్షన్ దేనికి? ఇవాళ ఊహల్లోని రాజ్యాన్నే ప్రశ్నించనివ్వకపోతే, రేపు కళ్లెదుట ఉన్నదాన్ని అడిగే నోరు ఏ పిల్లవాడికి మిగులుతుంది?

ఇదంతా కుర్రతనపు ఊహ అనుకునేవాళ్లు ఇండొనేషియాను చూడాలి. 1945లో ఆ దేశ స్వాతంత్ర్య నాయకుడు సుకర్ణో పంచశీల పేరుతో (మన నెహ్రూ చెప్పింది వేరు) ఐదు మంచి మాటలు చెప్పాడు, వాటిలో తప్పుపట్టేదేమీ లేదు. తర్వాతి అధ్యక్షుడు సుహార్తో వచ్చాక 1978 నుంచి వాటి మీద తప్పనిసరి తరగతులు పెట్టారు, 1985 చట్టంతో మత సంఘాలు సహా ప్రతి సంఘమూ ఆ పంచశీలే తమ ఏకైక మూల సిద్ధాంతమని ఒప్పుకోవాల్సి వచ్చింది. మాటలు అవే, మెడ మీద కత్తి పెట్టి ఒప్పించడం మొదలయ్యాక వాటి విలువ పోయింది.

మన దగ్గర జాతీయగీతానికి గౌరవంగా లేచి నిలబడి, పాడకుండా ఊరుకున్న ముగ్గురు కేరళ పిల్లల్ని బడి నుంచి పంపేయడమే తప్పని 1986లో సుప్రీంకోర్టు చెప్పింది. పక్కనే మదనపల్లెలో పుట్టిన తత్వవేత్త జిడ్డు కృష్ణమూర్తి, తనను జగద్గురువుగా నిలబెట్టడానికి పెట్టిన సంస్థను 1929లో తానే రద్దు చేశాడు. ఆయన మీద వ్యాసరచన పోటీలు పెట్టి బహుమతులు పంచే పెద్దలే ఈ కాగితం చింపింది!

పైగా ‘ఇకపై ఇలాంటివి ఊహించను’ అని ఆ కుర్రాడి చేత రాయించుకున్నారట. ప్రిన్సిపాల్ గారూ, పంతొమ్మిదేళ్ల పిల్లవాడి చేత ఆ సంతకం పెట్టించుకోవడానికి మీకు మనసెలా ఒప్పింది? చింపాల్సింది ఆ లేఖను. కథను మళ్లీ అదే బోర్డుకు, అవే గుండుసూదులతో, మీ చేత్తో పెట్టండి.