మమ అన్నాను

అమెరికాలో మా ఫ్రిస్కోలో తిథి ఏదైనా సత్యనారాయణ వ్రతం శనివారమే. 2025 మార్చి 8న మా ఇంట్లో వ్రతం అయింది, దాంతోపాటు నా ఫాంటసీ ఫుట్‌బాల్ టీమ్ పనీ అయింది. అమెరికన్ ఫుట్‌బాల్ ఆటగాళ్ళతో కాగితం మీద టీమ్ కట్టుకుంటాం, వాళ్ళు నిజం మ్యాచుల్లో ఆడినదాన్ని బట్టి మనకి పాయింట్లు.

మాది డైనాస్టీ లీగ్. తెచ్చుకున్న ఆటగాడు ఏటా మన దగ్గరే ఉంటాడు, కాబట్టి కుర్రాడైతే మామిడి తోట వేసినట్టే. నా తోట సియాటిల్ జట్టు వైడ్ రిసీవర్ (విసిరిన బంతి పట్టేవాడు) జాక్సన్ స్మిత్-ఎన్‌జిగ్బా, అప్పటికి వయసు 23. మొదటి ఏడు 628 గజాలు, రెండో ఏడు వంద క్యాచులు, 1,130 గజాలు. రిసీవర్లు ఏళ్ళ తరబడి కాస్తారు, బంతి పట్టుకుని పరిగెత్తే రన్నింగ్ బ్యాకులు అరటిపళ్ళు, పొద్దున పసుపు సాయంత్రానికి నలుపు అని మా బావమరిదికి క్లాసులు పీకింది నేనే.

శుక్రవారం సియాటిల్ వాళ్ళు బంతి విసిరే క్వార్టర్‌బ్యాక్ జీనో స్మిత్‌ని రైడర్స్ జట్టుకి ఇచ్చేశారు. ఇక మావాడికి బంతి విసిరేదెవడని నాకు టెన్షన్. అది పసిగట్టి బావమరిది (లీగ్ కమిషనర్, అంటే తగువులు తీర్చే పెద్ద కూడా వాడే) నా కుర్రాడికి బదులుగా 31 ఏళ్ళ రన్నింగ్ బ్యాక్ డెరిక్ హెన్రీ, పైన ఒక రెండో రౌండ్ పిక్ (కొత్త ఆటగాణ్ణి ఎంచుకునే వంతు) ఇస్తానన్నాడు. హెన్రీ అంతకుముందు సీజన్లో 1,921 గజాలు పరిగెత్తాడు, కాదనను. కానీ అరటిపండు అరటిపండే.

ఆ ఆఫర్ వచ్చింది సరిగ్గా సంకల్పం మధ్యలో. కుడిచేతిలో అక్షింతలు, ఎడమచేతిలో కండువా కింద ఫోన్. రిజెక్ట్ నొక్కుదామనే అనుకున్నాను, నిజంగా. పంతులుగారు "గోత్రం?" అన్నారు. నా నోట్లోంచి "సియాటిల్" అని వచ్చింది. ఆయన అమెరికాలో పదిహేనేళ్ళుగా ఉన్నారు, ఏం వింటే ఏం, తడబడకుండా "సియాటిల్ గోత్రోద్భవస్య" అని సాగించేశారు. వెనక మా అత్తగారి దగ్గు. మా ఆవిడ మోచేత్తో డొక్కలో ఒక్కటి పొడిచింది. బొటనవేలు జారింది. స్క్రీన్ మీద పచ్చగా ఏదో మెరిసింది. "భారద్వాజ, భారద్వాజ" అని అరుస్తుంటే పంతులుగారు ఉద్ధరిణెతో చేతిలో నీళ్ళు పోసి, "మమ అని పళ్ళెంలో వదిలెయ్యండి" అన్నారు.

మమ అన్నాను. వదిలేశాను.

ఆదివారం సాయంత్రం సియాటిల్ వాళ్ళు ఇంకో రిసీవర్ డీకే మెట్‌కాఫ్‌ని పిట్స్‌బర్గ్‌కి పంపేశారని వార్త. బుధవారమే మరో రిసీవర్ టైలర్ లాకెట్‌ని తీసేశారు, మెట్‌కాఫ్ తనను ట్రేడ్ చేయమన్నదీ ఆ రోజే, అన్నీ నాకు తెలుసు. ఇక ఎవడు విసిరినా సియాటిల్ బంతులన్నీ నా కుర్రాడికే. అంటే బావమరిది కుర్రాడికి.

పొరపాటున నొక్కుకుంది, వెనక్కి తిప్పమని కమిషనర్‌కి అర్జీ పెట్టాను. లాభపడినవాడే జడ్జి అయిన లీగ్ భూమ్మీద ఇదొక్కటే అనుకుంటా. గంటన్నర తర్వాత జవాబొచ్చింది.

"రూల్ రూలే బావా. ప్రసాదం ఇంకా మిగిలిందా?"