స్వేద గ్రంథులకు సంజాయిషీ నోటీసు

గౌరవనీయులైన స్వేద గ్రంథులారా,

నా ఒంట్లో మీరు 20 లక్షలకు తక్కువ ఉండరు. ఇంతమంది సిబ్బంది ఉన్న కార్యాలయం మా రెంటచింతల మొత్తంలో లేదు. అయినా మే నెలలో ఊళ్లో బస్సు దిగిన నాడు ఒక్కరూ వేళకు హాజరు కాలేదు.

పదకొండేళ్లు షికాగోలో ఉన్నామన్నది మీ సాకు. పుట్టి పెరిగింది రెంటచింతలలోనే కదా! 45 డిగ్రీల ఎండలో గోలీలాడిన రోజులు మీ రికార్డుల్లో లేవా? లేవట. ఎండ మొహం చూడకపోతే నెల తిరిగేసరికి పాత ఫైళ్లు తగలబెట్టేస్తారట. చెదలు కూడా అంత త్వరగా తినవు.

మూడో రోజు మధ్యాహ్నం తాటిముంజల కోసం సెంటరు దాకా నడిచి వచ్చాను. ఒళ్లు సలసల కాగాక, అప్పుడు తీరిగ్గా పనిలోకి దిగారు. అదీ ఎలా? ఒంట్లో ఉన్న ఉప్పంతా తోడి బయట పోశారు. చొక్కా ఆరాక నీలం వీపు మీద తెల్లటి చారలు ముగ్గేసినట్టు తేలాయి. అమ్మ దాన్ని దులిపి చూసి, "ఇదేమిట్రా, చినగంజాం ఉప్పు మడిలో పొర్లి వచ్చావా?" అంది. మజ్జిగలో మరో చిటికెడు ఉప్పు వేసి గ్లాసు చేతికిచ్చింది. మీరు పారబోసింది ఆవిడ భర్తీ చేయాలి!

పక్క శాఖను చూసైనా సిగ్గుపడండి. రక్తంలో నీటి పాలు పెంచే పని వాళ్లు అయిదారు రోజుల్లో ముగించారు. మేడ మెట్లెక్కితే దడదడలాడే గుండె కుదుటపడింది. మీకు మాత్రం రెండు వారాల గడువు కావాలి. పైగా ఏసీ గదిలో పడుకున్న రోజులు లెక్కలోకి రావట. ఎండన పడి తిరిగితేనే ఫైలు కదులుతుందట. బావగారింట్లో చల్లగా గడిపిన నాలుగు రోజులు అలా గంగలో కలిశాయి.

పద్దెనిమిదో రోజున, ఆహా, ఏమి పనితనం! గుమ్మం దాటి పది అడుగులు వేయకముందే చెమట పట్టింది. ఉప్పును పిసినారిలా లోపలికి లాక్కుని దాదాపు నీళ్లే వదిలారు. చొక్కా మీద ఒక్క చార లేదు.

నా తిరుగు విమానం ఆ మర్నాడే.

వచ్చే ఏడాది ఈ ఆట సాగదు. ఏప్రిల్ మధ్య నుంచే షికాగో ఇంట్లో రోజూ తొట్టి నిండా వేడినీళ్లు పోసుకుని అరగంట కూర్చుంటాను. అదే మీ హాజరుపట్టీ. సంతకాలకు సిద్ధంగా ఉండండి.

ఇట్లు,
పేరుకు మాత్రమే మీ యజమాని