మహారాజశ్రీ కార్న్‌ఫ్లేక్స్ డబ్బా గారికి

గుంటూరు,
బ్రాడీపేట.

మహారాజశ్రీ కార్న్‌ఫ్లేక్స్ డబ్బా గారి దివ్యసముఖానికి, నమస్కరించి రాయునది.

ఇక్కడ మేమంతా క్షేమం. తమరు కూడా మా వంటింటి అలమరలో కారప్పొడి సీసాకీ నేతి గిన్నెకీ మధ్య క్షేమంగానే ఉన్నారు. ఆ పొరుగువాళ్లంటే తమకు కాస్త చిన్నచూపని మాత్రం తెలుస్తూనే ఉంది.

తమరు గృహప్రవేశం చేసిన దగ్గర్నుంచీ మా ఇడ్లీ పాత్రకు పరువు దక్కడం లేదు. మావాడు మీ మొహం మీద అచ్చేసిన ఐరన్, విటమిన్లు, ప్రొటీన్ అన్న మాటలు చూపించి, "నాన్నా, మన టిఫిన్లలో ఏముంది, అంతా కార్బ్సే" అంటున్నాడు. సరే, లెక్కలోనే తేల్చుకుందామని మిమ్మల్ని వెనక్కి తిప్పాను. వెనక అక్షరాలు నా కళ్లజోడుకు లొంగలేదు. ఫోన్లో ఫొటో తీసి, పెద్దది చేసి చదివాను. మీ ముందువైపు రాసినాయనా, వెనకవైపు రాసినాయనా ఒకే ఆఫీసులో పనిచేస్తూ కూడా ఒకరితో ఒకరు మాట్లాడుకోరని అప్పుడర్థమైంది.

అన్నింటికన్నా ముందు మీ 30 గ్రాముల సంగతి. మీ గొప్పలన్నీ "ఒక సర్వింగ్"కి, అంటే 30 గ్రాములకి. మా ఆవిడ కేకుల కోసం కొన్న చిన్న తూకం తీసి, గిన్నె పెట్టి, సరిగ్గా 30 పోశాను. గిన్నె అడుగు కప్పబడిందంతే, అంచుల దగ్గర ఇంకా స్టీలు కనబడుతూనే ఉంది. మావాడు వచ్చి చూసి "మిగతాది ఎవరు తినేశారు?" అన్నాడు. రోజూ పోసుకున్నట్టే పోసుకోరా అంటే అంకె 70 దాటింది. మీ మొహం మీదున్న బొమ్మలో గిన్నె పొర్లిపోతోంది, పైన స్ట్రాబెర్రీలు, బాదంపప్పులు. అవేవీ లోపల ఉండవని పక్కనే చీమ తలకాయంత అక్షరాల్లో రాశారు కూడా. పెళ్లిచూపులకి పక్కింటి నగలు పెట్టుకుని కూర్చున్నా, అరువువేనని చీటీ తగిలించుకున్నారు చూడండి, ఆ నిజాయితీకి మెచ్చుకోవాలి.

ఇక ప్రొటీన్. వంద గ్రాముల మీలో ఏడెనిమిది గ్రాములు. అంటే మీ 30లో ఉండేది రెండు గ్రాముల పైచిలుకు. ఆ మాట ఒప్పుకోవడం నామోషీగా ఉంటుంది కాబట్టి పక్కనే "పాలతో" అని ఇంకో గడి గీశారు. అందులో అంకె ఆరుకి ఎగబాకింది, కాల్షియం కూడా ఎక్కడినుంచో ఊడిపడింది. ఆ నాలుగు గ్రాములూ ఆ కాల్షియమూ అరగ్లాసు పాలవి కావా అండీ? పాలల్లో అరటిపండు ముక్కలేసినా వచ్చేవే కదా అవి! గేదె కష్టం, మీ పేరు.

తమరి వంశచరిత్ర కూడా కొంచెం కనుక్కున్నాను. 1894లో అమెరికాలోని బ్యాటిల్ క్రీక్ ఆరోగ్యాశ్రమంలో కెలాగ్ అన్నదమ్ములు చేసిన గోధుమ అటుకులు తమరికి ముత్తాతలు. డాక్టరైన అన్న జాన్ చప్పిడి తిండే మందనేవాడు. తమ్ముడు విల్ మాత్రం చక్కెర పడితేనే అమ్ముడవుతుందన్నాడు, ఆ గొడవలోనే విడిపోయి 1906లో సొంతంగా కంపెనీ పెట్టాడు. ఎవరు గెలిచారో మీ పదార్థాల జాబితా చూస్తే తెలుస్తుంది. తమరి తయారీ మరీ విడ్డూరం. మొక్కజొన్న గింజకు పొట్టు తీసేస్తారు, మొలక తీసేస్తారు, మిగిలిన రవ్వను ఉడకబెట్టి, రోలర్ల కింద అణిచి, కాలుస్తారు. అంతా అయ్యాక విటమిన్లు చల్లి, అట్టమీద ఆ చల్లినదాన్నే పెద్దక్షరాల్లో వేస్తారు. ఇల్లు దోచినవాడు పోతూ పోతూ దారిఖర్చులిచ్చి, తనను దాతగారూ అని పిలవమన్నట్టుంది.

మీ చుట్టాల సంగతికొద్దాం. లక్ష్మీపురం సూపర్‌మార్కెట్లో ఒక అరంతా మీవాళ్లే. పిల్లల చాక్లెట్ రకం ఉందే, అది మీ ఇంటి గారాబం బిడ్డ. వందలో చక్కెర ముప్పై గ్రాముల చుట్టుపక్కల ఉన్న డబ్బాలు చేతికి తగిలాయి. పెద్దవాళ్లే పైనుంచి వేసుకునే చక్కెర రోజుకి పాతిక గ్రాముల లోపు ఉంచుకుంటే మేలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతుంటే, అది తినే చిన్నాడు బడి గంట కొట్టకముందే కోటా చాలావరకు ముగించేస్తున్నాడు. మ్యూస్లీ గారు చదువుకున్నవాడిలా కనబడతారు గానీ, ఎండు ద్రాక్ష చాటున తేనె, మాల్ట్ ఎక్స్‌ట్రాక్ట్, ఇన్వర్ట్ సిరప్ అని ఒకే తీపికి మూడు మారుపేర్లు. పదార్థాలను బరువు ప్రకారం పైనుంచి కిందికి రాయాలి కాబట్టి, విడగొట్టి రాస్తే చక్కెర కిందికి దిగిపోతుంది. మా ఊళ్లో ఇలాంటి తెలివిని భూముల రిజిస్ట్రేషన్లలో చూశాం, తిండిలో ఇదే మొదలు.

సాదా ఓట్స్ ఒక్కడే మీలో పెద్దమనిషి. వందకు పన్నెండు గ్రాముల దాకా ప్రొటీన్, పది దాకా పీచు, చక్కెర దాదాపు లేనట్టే. మరి అరలో మోకాలు వంచితే గానీ కనబడని చోట పెట్టారెందుకో! కళ్లకెదురుగా ఉన్నది వాడి మసాలా తమ్ముడు, ఉప్పు దండిగా దట్టించినవాడు.

న్యాయం న్యాయమే, ఇడ్లీని నేనేమీ నెత్తిన పెట్టుకోవడం లేదు. వంద గ్రాముల ఇడ్లీని వంద గ్రాముల మీతో తూచి "చూశారా, కేలరీలు మూడోవంతే" అనేవాళ్లున్నారు. అది తొండి. ఇడ్లీలో సగానికి పైగా నీళ్లే, తమరు ఎండుకట్టెలు. పునుగులు, మైసూరు బజ్జీల తరఫున వాదించడానికి నాకు నోరు రాదు. పొడిని పొడితోనే తూచాలంటే తమరికి సరిజోడు అటుకులు. వందకు ప్రొటీన్ ఏడు గ్రాముల చుట్టూ, కేలరీలు ఇంచుమించు తమరన్నే, చక్కెర కలపలేదు. పెరుగేసి, పోపు పెడితే పూట గడిచిపోతుంది. అయితే వాటికి తమరిలా రంగుల అట్టపెట్టె లేదు, కిరాణా కొట్లో గోనెసంచిలో ఉంటాయి.

పెసరట్టుతో మాత్రం పోటీకి రావద్దని మనవి. పెసల్లో వందకు ఇరవై నాలుగు గ్రాముల ప్రొటీన్. అట్టుకి గుప్పెడు పెసలు, 40 గ్రాములనుకోండి, పొట్టుతో సహా రుబ్బి పోస్తే తొమ్మిది గ్రాములకు పైమాటే. దానికి "పాలతో" అన్న గడి అక్కర్లేదు, అల్లం పచ్చడి చాలు.

ఇంకో సంగతి అడగకుండా ఉండలేకపోతున్నాను. తెనాలి చుట్టుపక్కల వరి కోతకొచ్చే ముందు చేలో మినుములు చల్లడం తాతలనాటి అలవాటు. ఆకులు పచ్చబడే పల్లాకు తెగులూ, బంగారుతీగ అనే కలుపు తీగా కలిసి మినుముని పీల్చేస్తుంటే, చాలామంది రైతులు కోత అయ్యాక దున్నకుండానే మొక్కజొన్న వేస్తున్నారు. అందులో ఎక్కువభాగం కోళ్ల దాణాకీ స్టార్చికీ పోతుందనుకోండి, తప్పంతా తమరిది కాదు. కానీ ఇడ్లీలో పడే మినప్పప్పు పొలాన్నీ తమరి కులంవాళ్లే ఆక్రమించి, ఇడ్లీ పళ్లెం పక్కనా తమరే కూర్చుంటే ఎలాగండీ?

తమరిని ఇంట్లోంచి పొమ్మనడం లేదు. మా ఆవిడ పుట్టింటికెళ్లినప్పుడు, గ్యాస్ బండ అయిపోయినప్పుడు తమరి సేవలు తప్పకుండా వాడుకుంటాం. విన్నపం ఒకటే. ముందువైపు బొమ్మలో గిన్నెలో 30 గ్రాములే పోసి ఫొటో తీయించండి. స్టీలు కనబడితే కనబడనివ్వండి.

ఇట్లు,
తమరి విధేయుడు,
ఒక పెసరట్టు పక్షపాతి.

నకలు: పాల ప్యాకెట్ గారికి, తగు చర్య నిమిత్తం.