బాల్సా విమానం నేరమట, పెళ్లి డ్రోన్ ముచ్చటట!

నిన్న పొద్దున చేవెళ్ల దాటాక ఒక ఖాళీ చేలో మా మేనల్లుడితో బాల్సా అనే తేలిక చెక్కతో చేసిన గ్లైడర్ (చిన్న మోటారుతో లేచి గాల్లో తేలే మోడల్ విమానం) ఎగరేయిస్తుంటే పోలీసాయన వచ్చి, "డ్రోన్‌కి పర్మిషన్ ఉందా?" అంటూ వాడి చేతిలోని రిమోట్ లాక్కున్నాడు. వాడు రాత్రుళ్లు కూర్చుని రెక్కల లోపలి చెక్క రిబ్బులు కోసి, అతికించి, పైన పల్చటి ప్లాస్టిక్ ఫిల్మ్ వేసిన విమానం అది. కెమెరా లేదు, జీపీఎస్ లేదు. వాడికి కళ్లలో నీళ్లు తిరిగాయి, నాకు ఒళ్లు మండింది.

అసలు అంత దూరం ఎందుకు పోతాం? ఒకవైపు శంషాబాద్, ఒకవైపు బేగంపేట, ఇంకోవైపు హకీంపేట, దుండిగల్ ఎయిర్‌ఫోర్స్ స్థావరాలు. విమానాల దారికి అడ్డం రాకూడదనే కదా పెట్రోలు పోసుకుని ఊరవతలికి పోయేది! 2021 డ్రోన్ రూల్స్‌లో సరదాకి, చదువుకి కంటికి కనిపించేంత దూరంలోనే ఎగరేసే 25 కిలోల లోపు మోడళ్లని విడిగా నిర్వచించి, టైప్ సర్టిఫికెట్ (ఆ డ్రోన్ నమూనాకి ఇచ్చే ఆమోదం) అక్కర్లేదన్నారు. వ్యాపారం కానప్పుడు రెండు కిలోల లోపు వాటిని నడిపేవాళ్లకి రిమోట్ పైలట్ సర్టిఫికెట్ కూడా అడగరు. ఇదంతా ఫోన్‌లో చూపిస్తే ఆయన చదవనైనా చదవలేదు.

అదే రోజు సాయంత్రం ఒక ఫంక్షన్ హాల్ ముందు బరాత్. జనం నెత్తి మీద డ్రోన్, దాని ప్రొపెల్లర్లకి గార్డులు లేవు, నడిపేవాడి చూపంతా స్క్రీన్ మీదే. కింద ట్రాఫిక్ ఆపుతున్నది పోలీసులే! గ్లైడర్‌కి మోటార్ ఆగితే తేలుతూ దిగుతుంది. నాలుగు ప్రొపెల్లర్ల డ్రోన్‌కి బ్యాటరీ పోతే రాయిలా పడుతుంది, కింద చంటిపిల్లలున్నా సరే. 250 గ్రాములు దాటిన దానితో డబ్బులు తీసుకుని షూట్ చేస్తే రిమోట్ పైలట్ సర్టిఫికెట్ ఉండాలి. అక్కడ ఎవరైనా అడిగారా?

ఎక్కడైనా ఇంతే. 2018 డిసెంబర్‌లో లండన్ గాట్విక్ ఎయిర్‌పోర్ట్ డ్రోన్ భయంతో మూతపడితే ముందు పట్టుకున్నది ఎవర్ని? మోడల్ విమానాల సరదా ఉన్న ఒకాయన్ని, ఆయన భార్యని. ఏ కేసూ లేకుండా వదిలేశారు, తర్వాత పోలీసులే పరిహారం కట్టారు. ఆ డ్రోన్ మాత్రం ఇప్పటికీ దొరకలేదు. విమానాలకి ప్రమాదం అని నిజంగా అంత బాధ ఉంటే, ఎయిర్‌పోర్టుల చుట్టూ పక్షుల్ని పిలిచే చెత్తకుప్పలు, మాంసం వ్యర్థాల సంగతి ముందు చూడండి.

ఇంకో మంట కూడా చాలా రోజులుగా ఉంది. విదేశాల్లో తయారైన డ్రోన్ల దిగుమతిని 2022 ఫిబ్రవరిలో ఆపేశారు, విడిభాగాలకి మాత్రం అడ్డు లేదన్నారు. మరి నేను తెప్పించుకున్న చిన్న మోటార్, రిసీవర్ కస్టమ్స్‌లో వారాల తరబడి ఎందుకు ఇరుక్కున్నాయి? ఆ పెళ్లిళ్లలో తిరిగే విదేశీ డ్రోన్లు మాత్రం ఏ దారిన వస్తున్నాయి? ఇంజనీరింగ్ కాలేజీల్లో ఫైనలియర్ ప్రాజెక్ట్ అంటే రెడీమేడ్ కిట్ కొని బిగించడమైపోయింది, రెక్క విమానాన్ని గాల్లోకి ఎందుకు ఎత్తుతుందో చెప్పగల పిల్లలు కనబడటం లేదు. చెప్పగలిగే పిల్లవాణ్ణేమో చేలో నిలబెట్టి దొంగని అడిగినట్టు అడుగుతారు.

మీ ఇంట్లో పెళ్లికి డ్రోన్ షాట్ కావాలంటే ఫొటోగ్రాఫర్‌ని ముందు రిమోట్ పైలట్ సర్టిఫికెట్ చూపించమనండి. చూపించకపోతే అడ్వాన్స్ ఇవ్వకండి.