సాక్ష్యంలో దాక్కున్న గొప్పలు

క్రైస్తవ ఉజ్జీవ సభల్లో, ప్రభువు తనను ఎలా మార్చాడో చెప్పుకునే సాక్ష్యాలు చాలావాటిలో సింహభాగం పాత జీవితానికే పోతోంది. ఎన్ని సీసాలు ఖాళీ చేసేవాడో, ఎవరెవరిని కొట్టాడో, పోలీసులకు ఎలా టోకరా ఇచ్చాడో పూసగుచ్చినట్టు చెబుతారు. ముందు కూర్చున్న కుర్రాళ్లు నవ్వుతారు. ఆ నవ్వు చెవిన పడగానే ఇంకో సంఘటన బయటికొస్తుంది. ప్రభువు వంతు వచ్చేసరికి వేదిక మీద పెద్దాయన వాచీ చూసుకుంటుంటాడు.

చేసిన తప్పును గొప్పగా చెప్పుకోవడం ఆదికాండం నాలుగో అధ్యాయంలోనే కనిపిస్తుంది. తనను గాయపరిచినవాణ్ణి చంపేశానని, తమ్ముణ్ణి చంపిన కయీను వంశంలోని లెమెకు ఇద్దరు భార్యలనూ పిలిచి మరీ చెబుతాడు. కయీనుకు ఏడంతల ప్రతీకారమైతే తనకు డెబ్బై ఏడంతలట! సౌలు రాజు మాట మీద నోబు ఊరి యాజకులను 85 మందిని నరికిన దోయేగు పేరు 52వ కీర్తన శీర్షికలో ఉంది. చేసిన కీడును చూసి ఎందుకు అతిశయపడుతున్నావని ఆ కీర్తన మొదటి మాటలోనే నిలదీస్తుంది. వాళ్లు పశ్చాత్తాపపడనివాళ్లు కదా, మనకేం సంబంధం అనిపించవచ్చు. కానీ కొరింథు సంఘంలో ఉప్పొంగినవాళ్లు బాప్తిస్మం పొందినవాళ్లే. తండ్రి భార్యను ఉంచుకున్నవాడు సంఘంలోనే ఉంటే దుఃఖపడాల్సింది పోయి గర్వపడుతున్నారని అపొస్తలుడైన పౌలు చీవాట్లు పెట్టాడు.

సాక్ష్యం ఎలా చెప్పాలో కూడా పౌలు దగ్గరే చూడవచ్చు. అగ్రిప్ప రాజు ఎదుట అతని ప్రసంగం అపొస్తలుల కార్యములు 26లో 2 నుంచి 23 వరకు, 22 వచనాలు. అందులో, మారకముందు క్రైస్తవులను పెట్టిన హింసకు దక్కినవి 9 నుంచి 11 వరకు, మూడే. ఏదీ దాచలేదు: చెరసాలలో వేయించాడు, మరణశిక్షలకు సమ్మతించాడు, దేవదూషణ చేయమని బలవంతపెట్టాడు, పరాయి ఊళ్లదాకా తరిమాడు. కానీ ఎలా పట్టుకున్నాడో, ఎంత చాకచక్యంగా చేశాడో ఒక్క ముక్క లేదు. పైగా తన చేతిలో నలిగినవాళ్లను పరిశుద్ధులంటాడు. వింటున్నవాడి గౌరవం బాధితుల వైపు వెళ్తుందే తప్ప చెప్పేవాడి వైపు కాదు.

మన సాక్ష్యాల్లో కనిపించనిది ఆ బాధితులే. కాబట్టి కాపరి సభకు ముందే సాక్ష్యం ఒకసారి విని, కొట్టేయాల్సినవి కొట్టేయించాలి: మోసం చేసిన పద్ధతి, సంపాదించిన మొత్తం, తప్పించుకున్న తెలివి. దెబ్బలు తిన్న భార్య ఆడవాళ్ల వైపు కూర్చుని ఉంటుంది. ఆమె ఒప్పుకోకుండా ఆ సంగతి మైకులోకి రాకూడదు. ఆ తర్వాత ఒక్క ప్రశ్న అడగాలి: తిరిగి ఇచ్చావా? లేవీయకాండం ఆరో అధ్యాయం ప్రకారం అసలుకు ఐదో వంతు కలిపి ఇవ్వాలి. చీటీల్లో 10,000 నొక్కేసినవాడు 12,000 కట్టాలన్నమాట. యేసును కలిశాక సుంకరి జక్కయ్య నాలుగంతలన్నాడు, ఆ లెక్కన 40,000. బాకీ అలాగే ఉంచి వేదికెక్కితే, సొమ్ము పోగొట్టుకున్నవాళ్లు కింద కూర్చుని చప్పట్లు వినాల్సి వస్తుంది.

ఇలా గొప్పలు చెప్పే సాక్ష్యాల వల్ల ఎక్కువ నష్టపోయేది క్రైస్తవ కుటుంబాల్లో పుట్టి పెరిగిన పిల్లలు. పెద్ద పాపం లేకపోతే పెద్ద సాక్ష్యం లేదని వాళ్లకు అర్థమవుతోంది. దాంతో కాలేజీలో ఒకసారి రుచి చూసిన బీరు సాక్ష్యంలో వ్యసనమవుతుంది. నాలుగో శతాబ్దపు ఆఫ్రికాలో, తర్వాత బిషప్ అయిన అగస్టీనుకు పదహారేళ్ల వయసులో ఇదే అవస్థ. తోటివాళ్ల ముందు చులకనవుతానని, చేయని తప్పులు కూడా చేశానని చెప్పుకున్నట్టు 'ఒప్పుకోలు' రెండో పుస్తకంలో రాశాడు. దొంగిలించిన బేరి పండ్ల సంగతీ అక్కడే ఉంది. మంచి పండ్లు ఇంట్లోనే ఉన్నాయి, కోసినవాటిలో చాలామటుకు పందులకు పారేశారు. చిన్న దొంగతనమే అయినా తవ్వి తవ్వి చూశాడు, కానీ ఎవరికీ నవ్వు రానివ్వలేదు.

వివరాలు తగ్గిస్తే పాపాన్ని దాచినట్టు కాదా అని అడిగేవాళ్లున్నారు. పూర్తి వివరాలకు చోటు ఉంది: నష్టపోయినవాళ్ల ఎదుట, నోరు జారని ఒక పెద్ద దగ్గర, నేరమైతే చట్టం ముందు. అక్కడ చప్పట్లు ఉండవు. యూట్యూబ్ సంగతి వేరు. 'ఒకప్పటి రౌడీ' అని థంబ్‌నెయిల్ మీద ఎర్రక్షరాలతో వేసేది చాలాసార్లు చెప్పినవాడు కాదు, వీడియో ఎడిట్ చేసే కుర్రాడు. ఎక్కించే ముందు సంఘపెద్ద ఒకరు ఆ శీర్షిక చూడాలి. మారి పదేళ్లయినా ఆ మనిషి పిల్లలు బడిలో ఆ పేరే మోస్తుంటారు.