యాప్ చూసి ధరలు నింపేయమంటున్న మెసేజ్‌కి జవాబు

కొంతకాలంగా ఒక మెసేజ్ గ్రూపుల్లో తెగ తిరుగుతోంది. సారాంశం ఇది: "ఫాస్ట్‌ఫుడ్ కంపెనీలకు తమ మెనూ ధరలు చెక్ చేసేవాళ్ళు కావాలి. దీన్నే మిస్టరీ షాపింగ్ అంటారు. వెళ్ళి బోర్డు ఫోటో తీస్తే చాలు, ఐదు నిమిషాల పని. నిజానికి వెళ్ళక్కర్లేదు కూడా, ధరలన్నీ యాప్‌లోనే ఉంటాయి, చూసి నింపేయండి. తిండి ఫ్రీ, పైన నెల జీతమంత ఆదాయం. రిజిస్ట్రేషన్ ఫీజు కొంచెం కట్టాలి." దీని కింద ఎవరో ఒకరు వచ్చి "ఇది గూఢచారి పని, అక్కడ పనిచేసేవాళ్ళ పొట్ట కొట్టడమే" అని రాస్తారు. దాన్నీ జనం షేర్ చేస్తున్నారు.

పని ఉన్నమాట నిజం. మామూలు కస్టమర్‌లా వెళ్ళి మెనూ ధరలు చూసి రాసే అసైన్‌మెంట్లు ఉన్నాయి, వాటిని ఒళ్ళు దగ్గర పెట్టుకుని చేసేవాళ్ళూ ఉన్నారు. నేనూ వీలున్నప్పుడు చేస్తుంటాను. అందుకే మిగతా మాటలు చూసి ఊరుకోలేకపోతున్నాను.

ముందు ఆ "వెళ్ళక్కర్లేదు" అన్న మాట సంగతి చూద్దాం. మెసేజ్ మొత్తంలో ఎక్కువ చెడు చేసేది ఇదే.

యాప్‌లో ఏ ధర ఉందో కంపెనీకి తెలియదా? ఆ యాప్ వాళ్ళదే కదా. తమ దగ్గరున్న అంకెను మళ్ళీ తమకే పంపినందుకు ఎవరైనా డబ్బులెందుకు ఇస్తారు? వాళ్ళకు తెలియనిది వేరే ఉంది. ఫలానా రోజు, ఫలానా గంటకు, ఫలానా బ్రాంచిలో కౌంటర్ పైనున్న బోర్డు మీద కస్టమర్‌కి ఏ ధర కనిపించింది? బిల్లులో ఏ ధర పడింది? ఆఫీసులో కూర్చున్నవాళ్ళకు ఈ రెండూ కలిపి కనిపించవు. కనిపించాలంటే ఒక మనిషి అక్కడ నిలబడాలి.

పెద్ద చెయిన్లలో చాలా బ్రాంచిలు కంపెనీ నడిపేవి కావు. మెక్‌డొనాల్డ్స్‌నే తీసుకుంటే, ప్రపంచం మొత్తమ్మీద ఆ రెస్టారెంట్లలో దాదాపు 95 శాతం ఫ్రాంచైజీల చేతుల్లో ఉన్నాయి. అమెరికాలో మెనూ ధరలు పెట్టుకునేది ఆ ఫ్రాంచైజీ ఓనర్లే. అద్దెలు, జీతాలు, పక్కనున్న పోటీని బట్టి ఒక్కో చోట ఒక్కో ధర ఉంటుంది. 2023లో కనెక్టికట్ రాష్ట్రంలో హైవే పక్కనున్న ఒక మెక్‌డొనాల్డ్స్ మెనూ ధరల ఫోటో వైరల్ అయింది. దేశమంతా అవే ధరలన్నట్టు జనం మాట్లాడుకున్నారు. చివరికి 2024 మే నెలలో ఆ కంపెనీ అమెరికా విభాగం అధ్యక్షుడు జో ఎర్లింజర్ బహిరంగ లేఖ రాయాల్సి వచ్చింది. తమకు దేశంలో 13,700కు పైగా రెస్టారెంట్లు ఉన్నాయని, ఆ ధర వాటిలో ఒక్కచోటిదని ఆయన చెప్పుకోవాల్సి వచ్చింది. ఒక్క బోర్డు ఎంత దూరం వెళ్తుందో చూడండి. బ్రాంచి బ్రాంచికీ వెళ్ళి చూసేవాళ్ళు ఎందుకు కావాలో దీన్నిబట్టే తెలుస్తుంది.

పైగా యాప్‌లో ధర, కౌంటర్‌లో ధర, డెలివరీ ధర ఒకటే ఉండాలన్న నియమం ఏదీ లేదు. యాప్‌లో మాత్రమే దొరికే ఆఫర్లుంటాయి. డెలివరీ సంస్థకు కట్టే కమిషన్ కలిసి అక్కడ ధర ఎక్కువగా కనిపించడం మామూలే. ఇప్పుడు చాలాచోట్ల బోర్డులు కూడా డిజిటల్ అయిపోయాయి, ఆఫీసు నుంచే మార్చేయొచ్చు. 2024 ఫిబ్రవరిలో వెండీస్ అనే అమెరికా బర్గర్ కంపెనీ డిజిటల్ మెనూ బోర్డుల కోసం సుమారు 2 కోట్ల డాలర్లు పెడుతున్నామని, వేళను బట్టి ధరలు మార్చే పద్ధతిని 2025 నుంచి పరీక్షిస్తామని చెప్పింది. జనం మండిపడేసరికి, రద్దీ వేళల్లో ధర పెంచే ఉద్దేశం మాకు లేదని వివరణ ఇచ్చుకుంది. ధర ఇంత తేలిగ్గా మారిపోయే రోజుల్లో "యాప్‌లో చూశాను, ఇంతే" అన్న మాటకు విలువేముంది?

అసలు తేడా ఎక్కడ బయటపడుతుందో చెబుతాను. ధర పెరిగిన రోజు బిల్లింగ్ మెషీన్లో అంకె క్షణాల్లో మారిపోతుంది. అచ్చేసిన బోర్డు మీద మారాలంటే కొత్త ధర అచ్చేసిన స్ట్రిప్ రావాలి, ఎవరో ఒకరు స్టూలెక్కి పాతది తీసి కొత్తది తొడగాలి. లోపలి బోర్డు మార్చి బయట డ్రైవ్‌త్రూ (కారు దిగకుండానే ఆర్డరిచ్చే లైను) బోర్డు మర్చిపోతారు. పెద్ద సైజు డ్రింక్ ధర మార్చి మీడియం సైజుది వదిలేస్తారు. రద్దీలో ఇలాంటివి జరుగుతూనే ఉంటాయి, అక్కడి సిబ్బందిని తప్పుపట్టి లాభం లేదు. కానీ ఆ తేడా ఉన్నన్నాళ్ళూ, బోర్డు మీద ఒక ధర చూసి ఆర్డరిచ్చిన మనిషి బిల్లులో ఇంకో ధర కడుతుంటాడు. చాలామంది బిల్లు చూసుకోరు. చూసినా వెనక క్యూ ఉంటే ఆ కాస్త తేడాకి ఏం అడుగుతాంలే అని ఊరుకుంటారు. అలా ఊరుకున్న వాళ్ళందరి తరఫున ఆ తేడా పట్టుకోవాల్సింది ధరలు చెక్ చేయడానికి వెళ్ళిన మనిషే. వాళ్ళు ఇంట్లో కూర్చుని యాప్ చూసి "సరిపోయింది" అని టిక్ పెడితే, కరెంటు మీటరు చూడకుండా పోయిన నెల రీడింగ్ రాసుకుపోయినట్టే. అంతా సవ్యంగా ఉందని కంపెనీ అనుకుంటుంది, జనం మాత్రం ఎక్కువ కడుతూనే ఉంటారు.

దొరక్కుండా పోతారా అంటే, అదీ లేదు. ఫోటోలో తీసిన టైము, లొకేషన్ నమోదవుతాయి. బిల్లు మీద బ్రాంచి నంబరు, నిమిషాలతో సహా టైము ఉంటాయి. ఫాస్ట్‌ఫుడ్ కంపెనీల తరఫున ఈ పని అప్పగించే మిస్టరీ షాపింగ్ సంస్థలో రిపోర్టు చదవడానికి ఎడిటర్ ఉంటారు. రాసిన ధరకీ ఫోటోలో ధరకీ పొంతన లేకపోతే రిపోర్టు తిప్పికొడతారు, పైసా రాదు, ఆ సంస్థ మళ్ళీ పని ఇవ్వడం కూడా కష్టమే.

ఇక "ఐదు నిమిషాల పని" అన్న మాట. ఇది రాసినవాళ్ళు డిజిటల్ బోర్డు ఎదురుగా ఒక్కసారైనా నిలబడి ఉండరు. మీకు కావాల్సిన కాంబో ధర తెర మీదికి వస్తుంది, చదివేలోపే దాని స్థానంలో ఏదో కొత్త ఐటం ప్రకటన వస్తుంది. మళ్ళీ అది తిరిగొచ్చేదాకా ఫోన్ పట్టుకుని, ఆర్డర్ గురించి ఆలోచిస్తున్నట్టు నిలబడాలి. తీరా ఫోటో తీస్తే తెర మీద అడ్డంగా నల్లటి చారలు పడతాయి, సరిగ్గా అంకె ఉన్నచోటే. అచ్చేసిన బోర్డయితే పైనున్న లైటు వెలుగు దాని మీద పడి సగం ధరలు కనబడవు. డ్రైవ్‌త్రూ బోర్డయితే కారు ఆ లైనులోకి వెళ్తే తప్ప కనిపించదు, వెనక బండి వాళ్ళు హారన్ కొడుతుంటారు.

ఫారంలో అడిగేవి కూడా ఒకటి రెండు కాదు. విడిగా కొంటే ఎంత, కాంబోలో ఎంత, ఏ సైజుకి ఎంత, పన్ను కలిపి చూపారా లేదా, ఆఫర్ ధర అయితే అసలు ధర పక్కన ఉందా. బోర్డు మీద లేని ఐటం ధర కౌంటర్లో అడిగి రాయాలా, "దొరకలేదు" అని రాయాలా అన్నది గైడ్‌లైన్స్‌లో ఉంటుంది. ఆ గైడ్‌లైన్స్ చదవకుండా వెళ్తే సగం రిపోర్టు చెత్తబుట్టకే. టైము నియమం వేరే. ఉదయం మెనూ ధరలు అడిగినప్పుడు మీరు అది మారిపోయాక వెళ్తే, బోర్డు మీద ఆ ఐటమే ఉండదు, మళ్ళీ ఇంకో రోజు వెళ్ళాలి.

డబ్బు విషయానికి వద్దాం. "నెల జీతమంత" అన్నది పక్కా కాకిలెక్క. ఒక్క అసైన్‌మెంట్‌కి నిజంగా ఎంత టైము పడుతుందో కాగితం మీద వేసి చూడండి. గైడ్‌లైన్స్ చదవడానికి 20 నిమిషాలు, రానూపోనూ ప్రయాణం 40, లోపల 15, ఇంటికొచ్చి ఫోటోలు ఎక్కించి ఫారం నింపడానికి 30 అనుకుందాం. మొత్తం గంటా 45 నిమిషాలు. ఇచ్చే ఫీజుని గంటా 45 నిమిషాలకు పంచండి, ఐదు నిమిషాలకు కాదు. పెట్రోలు ఖర్చు అందులోంచి తీసేయండి. మిగిలేది చిన్న మొత్తమే. ఎలాగూ అటువైపు వెళ్ళే పని ఉన్నప్పుడు, దగ్గర దగ్గరగా ఉన్న రెండు మూడు బ్రాంచిలు కలిపి తీసుకుంటే కొంత గిట్టుబాటు అవుతుంది. దీన్నే నమ్ముకుని ఉద్యోగం మానేస్తే మాత్రం అసలుకే ఎసరొస్తుంది. ఒకే బ్రాంచికి వెంట వెంటనే అదే మనిషిని పంపరు, అందుకే ఎంత ఓపికున్నా దగ్గర్లో దొరికే పనికి ఒక హద్దు ఉంటుంది. డబ్బు చేతికి రావడానికి నెల, ఒక్కోసారి అంతకన్నా ఎక్కువే పడుతుంది.

"తిండి ఫ్రీ" అన్నది కూడా అంతే. ధరలు మాత్రమే చూసే అసైన్‌మెంట్లలో చాలావాటికి ఏమీ కొనాల్సిన పనే ఉండదు. బిల్లు కావాలన్న వాటిలో ముందు మీ జేబులోంచి కట్టాలి, తర్వాత ఒక పరిమితి దాకా తిరిగిస్తారు. పరిమితి దాటి కొన్నది మీ ఖాతాలోనే. బిల్లు పోగొట్టుకున్నా, రిపోర్టు తిరస్కరించినా చేతి చమురు వదిలినట్టే. మీరు పెట్టిన డబ్బు మీకు తిరిగొస్తే దాన్ని ఆదాయం అనరు.

గూఢచారి పని అన్నవాళ్ళతో నాకు అంత గొడవ లేదు, వాళ్ళ బాధ పనివాళ్ళ గురించి కాబట్టి. ఆ అనుమానానికి ఒక చరిత్ర కూడా ఉంది. 1940లలో అమెరికాలో విల్‌మార్క్ అనే సంస్థ మిస్టరీ షాపింగ్ అన్న పేరును వాడుకలోకి తెచ్చిందంటారు. మొదట్లో ఈ పని షాపుల్లో, బ్యాంకుల్లో సిబ్బంది చేతివాటం చూపుతున్నారేమో కనిపెట్టడానికే పుట్టింది. ధరల చెకింగ్ ఆ కోవలోది కాదు. ఇందులో చూసేది మనిషిని కాదు, బోర్డుని. కౌంటర్లో ఉన్న అమ్మాయి పేరు రాయమని చాలా ఫారాల్లో గడే ఉండదు. ధర తప్పుగా ఉంటే అది ఆ అమ్మాయి చేసిన తప్పు కాదని కంపెనీకీ తెలుసు.

పోటీ కంపెనీ ధరలు చూసి రమ్మనే అసైన్‌మెంట్లూ ఉంటాయి. పోటీదారులిద్దరూ ఫోన్ చేసుకుని ధరలు మాట్లాడుకుంటే చాలా దేశాల్లో కాంపిటీషన్ చట్టం ఒప్పుకోదు. జనం అందరికీ కనబడేలా పెట్టిన ధరను చూసి రాసుకోవడం మాత్రం తప్పు కాదు. అక్కడ పాటించాల్సిన మర్యాద కొంత ఉంది. పనివాళ్ళ టైము తినకూడదు, వాళ్ళ ముఖాలు ఫోటోలో పడకూడదు, ఫోటోలు తీయొద్దంటే ఆపేసి బయటికి రావాలి. యూరప్ కేంద్రంగా పనిచేసే మార్కెట్ రీసెర్చ్ సంఘం ఎసోమార్ మిస్టరీ షాపింగ్ కోసమే విడిగా మార్గదర్శకాలు రాసిందంటే, ఇందులో హద్దులు ఉండాలని ఈ రంగంలోని వాళ్ళే అనుకున్నారన్నమాట.

చివరిది ఫీజు. ఇక్కడ మాత్రం నాకు నిజంగా కోపం వస్తుంది, ఎందుకంటే దీనికి బలయ్యేది డబ్బు అవసరం ఉన్నవాళ్ళే. పని ఇవ్వడానికి ఎవరైనా డబ్బు అడిగారంటే ఆ పని లేదు. రిజిస్ట్రేషన్ అన్నా, సర్టిఫికెట్ అన్నా, "మంచి అసైన్‌మెంట్ల లిస్టు" అన్నా అంతే. అమెరికాలో వినియోగదారుల రక్షణ చూసే ప్రభుత్వ సంస్థ ఫెడరల్ ట్రేడ్ కమిషన్ ఏళ్ళుగా ఇదే హెచ్చరిక చేస్తోంది. నిజమైన సంస్థల్లో పేరు నమోదు చేసుకోవడం ఉచితం. 1998లో మొదలైన మిస్టరీ షాపింగ్ సంస్థల సంఘం ఎంఎస్‌పీఏ తన సభ్య సంస్థల జాబితా బయటే పెడుతుంది. మెసేజ్‌లో ఉన్న పేరు అందులో ఉందేమో చూసి, ఉంటే ఆ మెసేజ్‌లోని లింకు నొక్కకుండా నేరుగా ఆ సంస్థ సైటుకే వెళ్ళండి. పెద్ద సంస్థల పేర్లు పెట్టుకుని నకిలీ మెయిళ్ళు పంపేవాళ్ళు చాలామంది ఉన్నారు.

ఫీజు కన్నా ప్రమాదమైనది చెక్కు మోసం. మొదటి అసైన్‌మెంట్ అంటూ పెద్ద మొత్తానికి చెక్కు వస్తుంది. బ్యాంకులో వేసి, మీ ఫీజు ఉంచుకుని, మిగతా డబ్బుతో గిఫ్ట్ కార్డులు కొని వాటి వెనకున్న నంబర్లు ఫోటో తీసి పంపమంటారు. ఖాతాలో డబ్బు కనిపిస్తుంది కాబట్టి నమ్మేస్తారు. ఆ చెక్కు నకిలీదని బ్యాంకు తేల్చేసరికి ఒక్కోసారి వారాలు పడుతుంది. అప్పుడు ఆ మొత్తం మీ ఖాతాలోంచే వెనక్కి తీసుకుంటారు. గిఫ్ట్ కార్డుల్లో డబ్బు నంబర్లు పంపిన నిమిషాల్లోనే పోవచ్చు, తిరిగి రావడం చాలా కష్టం. మెనూ బోర్డు మీద ధరలు రాసే పనికి ముందుగా చెక్కు పంపాల్సిన అవసరం ఎవరికీ రాదు. అలాంటిది వస్తే బ్యాంకులో వేయకండి, జవాబివ్వకండి. ఒకవేళ అప్పటికే నంబర్లు పంపేసి ఉంటే ఆ గిఫ్ట్ కార్డు కంపెనీకి, మీ బ్యాంకుకి ఆ రోజే ఫోన్ చేయండి, ఆ తర్వాత పోలీసులకు ఫిర్యాదు ఇవ్వండి.