ఫ్రెషర్‌కు నైట్ డ్యూటీయే సుఖమా?

జీఎన్‌ఎం (నర్సింగ్ డిప్లొమా), బీఎస్సీ నర్సింగ్ ముగించుకుని మొదటిసారి ఉద్యోగంలో చేరేవాళ్ల ఫోన్లలో ఒక సలహా తెగ తిరుగుతోంది. దాని సారాంశం: "చేరగానే నైట్లు అడిగి వేయించుకోండి. పని తక్కువ, తిట్టేవాళ్లుండరు, తాపీగా నేర్చుకోవచ్చు. అలవెన్సు వస్తుంది. పగలంతా ఖాళీ కాబట్టి పరీక్షలకు చదువుకోవచ్చు. రెండు వారాల్లో ఒళ్లు అలవాటు పడిపోతుంది." ఇందులో తిట్టేవాళ్లుండరన్న ముక్క ఒక్కటే కాస్త నిజం. మిగతావి వరుసగా చూద్దాం.

"రాత్రి పని తక్కువ."

రౌండ్లు, డిశ్చార్జిలు, స్కానింగుకు పంపడాలు, బంధువుల రద్దీ ఉండవు. నిజమే. మనుషులూ ఉండరు. మన దగ్గర చాలా ప్రైవేటు ఆసుపత్రుల్లో పొద్దుటి డ్యూటీ, మధ్యాహ్నం డ్యూటీ ఆరేసి గంటలైతే రాత్రిది పన్నెండు. పగలు నలుగురు సిస్టర్లు చూసే వార్డును రాత్రి ఒకరో ఇద్దరో చూడాలి. డ్యూటీ డాక్టర్ ఒక్కరే రెండు మూడు ఫ్లోర్లకు తిరుగుతుంటారు.

పైగా రాత్రి పని గంటగంటకూ సమానంగా పరుచుకోదు. పన్నెండు నుంచి మూడు దాకా వార్డు సద్దుమణిగినట్టే ఉంటుంది. నాలుగున్నర దాటాక అన్నీ ఒక్కసారే మీద పడతాయి: అందరి టీపీఆర్ (జ్వరం, నాడి, శ్వాస), బీపీ, టిఫిన్‌కు ముందు జీఆర్‌బీఎస్ (వేలి మీద గుచ్చి చూసే షుగర్), ఫాస్టింగ్ శాంపిళ్లు, ఆరు గంటల ఇంజెక్షన్లు, యూరిన్ బ్యాగులు ఖాళీ చేసి 24 గంటల ఇన్‌టేక్ అవుట్‌పుట్ (ఒంట్లోకి వెళ్లిన, బయటికొచ్చిన ద్రవాల లెక్క) మొత్తం కట్టడం, పొద్దున్నే ఆపరేషన్ ఉన్నవాళ్లకు నగలు తీయించి, గౌను వేయించి, కన్సెంట్ మీద సంతకం ఉందో లేదో చూడటం, చివరికి నైట్ రిపోర్టు. మనిషి ఒంటి ఉష్ణోగ్రత, చురుకుదనం అడుగంటేది కూడా సరిగ్గా తెల్లవారుజామున, నాలుగైదు గంటల ప్రాంతంలోనే. అలవాటైన చేతులే తడబడే వేళ అది.

ఆ వేళ జరిగే పొరపాట్లు దాదాపు ఎప్పుడూ అవే. ట్యూబుల మీద ముందే పేర్లు రాసి పెట్టుకుని, ఒకరి రక్తం ఇంకొకరి ట్యూబులో పోయడం. పేషెంట్ నోటే పేరు చెప్పించి, చేతి బ్యాండు చూసి, రక్తం తీశాక మంచం పక్కనే లేబుల్ అంటిస్తే ఇది జరగదు. ఇంకొకటి ఊదా మూత ట్యూబులో మొదట పోసేసి, మిగిలింది ఎర్ర మూత దాంట్లోకి ఒంపడం. ఊదా ట్యూబులోని ఈడీటీఏ (రక్తం గడ్డకట్టకుండా ఆపే రసాయనం) అందులో కలిస్తే పొటాషియం లేనిపోనిది ఎక్కువగా, కాల్షియం తక్కువగా వస్తాయి. నీలం మూత ముందు (గీత వరకూ నిండాలి), తర్వాత ఎరుపు లేదా పసుపు, ఆ తర్వాతే ఊదా. డెక్స్ట్రోజ్ ఎక్కుతున్న చేతినుంచే శాంపిల్ తీస్తే షుగర్ ఆకాశంలో ఉంటుంది. దాన్ని నమ్మి ఇన్సులిన్ వేస్తే ఏమవుతుందో చెప్పనక్కర్లేదు.

"తాపీగా నేర్చుకోవచ్చు."

ఎవరి దగ్గర? కొత్త నర్సు నేర్చుకునేది రౌండ్లలో. ఈ మందు ఎందుకు ఆపారు, ఈ డ్రెయిన్ (గాయంలోని ద్రవాన్ని బయటికి తెచ్చే గొట్టం) ఎప్పుడు తీస్తారు, ఈ డ్రెస్సింగ్‌లో ఏం చూడాలి అన్నవి చెవిన పడేది అక్కడే. ఇన్‌ఛార్జి సిస్టర్, సీనియర్లు, ఫిజియోథెరపిస్టు, ఫార్మసీవాళ్లు ఉండేదీ పగలే. రాత్రి దొరికేది కేస్ షీట్లు చదువుకునే తీరిక. దానికీ విలువుంది, కానీ పేషెంట్‌ను చదవడం వచ్చాకే.

రాత్రి పేషెంట్‌ను చదవడం పగటికంటే కష్టం కూడా. నిద్రలో బీపీ పది ఇరవై శాతం తగ్గడం మామూలే. మరి ఆపరేషన్ అయిన మనిషికి రాత్రి రెండు గంటలకు 100/60 ఉంటే అది నిద్రా, లోపల రక్తస్రావమా? పల్స్ పెరుగుతోందా, చేతులు చల్లబడ్డాయా, యూరిన్ తగ్గిందా అని కలిపి చూస్తేనే తేలుతుంది. రాత్రి ఇన్సులిన్ పడ్డ మనిషి చెమటలు పోస్తూ పడుకుని ఉంటే హాయిగా నిద్రపోతున్నాడనుకోకూడదు. లేపి షుగర్ చూడాలి, 70 కంటే తక్కువుంటే వెంటనే డాక్టర్‌కు చెప్పాలి. నొప్పి మందులతో మగతలో ఉన్నవాళ్ల శ్వాసను నిండా ఒక నిమిషం లెక్కపెట్టాలి. లెక్కపెట్టకుండానే వార్డంతటికీ చార్టులో "20" అని రాసుకుంటూ పోవడం రాత్రిళ్లు పట్టుకునే జబ్బు.

డాక్టర్‌ను లేపడం మరో పరీక్ష. "మేడమ్, పేషెంట్ బాలేదు, ఒకసారి రండి" అంటే నిద్రలో ఉన్నవాళ్లకు ఏమీ అందదు. "మేడమ్, 12వ బెడ్, నిన్న గర్భసంచి ఆపరేషన్ అయింది. బీపీ 90/60, పల్స్ 124, నాలుగు గంటల్లో యూరిన్ 60 ఎంఎల్, డ్రెస్సింగ్ తడిసింది. ఇప్పుడే వచ్చి చూడాలి" అనాలి. ఫోన్లో ఆర్డర్ ఇస్తే మందు పేరు, డోసు తిరిగి చదివి వినిపించి, టైముతో రాసుకుని, వాళ్లు రాగానే సంతకం పెట్టించుకోవాలి. ఈ మాట తీరు పగలు సీనియర్ పక్కన నాలుగైదుసార్లు విన్నవాళ్లకు వచ్చినట్టు పుస్తకం చదివితే రాదు.

"అలవెన్సు వస్తుంది."

ఆఫర్ లెటర్‌లో రాసి ఉంటేనే వస్తుంది. లేకపోతే జీతంలోనే కలిసిపోయిందంటారు. బ్రిటన్ సంగతి వేరు: అక్కడి ప్రభుత్వ ఆరోగ్య సేవ ఎన్‌హెచ్‌ఎస్‌లో బ్యాండ్ 5 (కొత్త నర్సు జీతం స్థాయి) నర్సుకు మామూలు రోజుల్లో రాత్రి గంటలకు 30 శాతం అదనం. అక్కడి లెక్క ఇక్కడ వేసుకుంటే లాభం లేదు.

"పగలంతా ఖాళీ, రెండు వారాల్లో అలవాటు."

ఎనిమిదికి డ్యూటీ దిగి, ఓవర్ ఇచ్చి (తర్వాతి డ్యూటీవాళ్లకు పేషెంట్ల వివరాలు అప్పగించి), హాస్టల్‌కు చేరేసరికి తొమ్మిదిన్నర. పగటి నిద్ర రాత్రి నిద్రకంటే పొట్టిది, పలచనిది. దాన్ని కూడా కోసి నార్సెట్‌కో (ఎయిమ్స్ నర్సు ఉద్యోగాల పరీక్ష) ఓఈటీకో (విదేశాలకు వెళ్లే నర్సుల ఇంగ్లిష్ పరీక్ష) పదింటి క్లాసులో కూర్చుంటే క్లాసూ దక్కదు, నిద్రా దక్కదు. చదవాలంటే నిద్రపోయి లేచాక, సాయంత్రం ఒకటి రెండు గంటలే పనికొస్తాయి.

అలవాటు సంగతీ అంతే. ఇంటికొచ్చే దారిలో ఎండ మొహాన పడుతుంది, నైట్ ఆఫ్ రోజుల్లో మళ్లీ రాత్రి పడుకుంటాం. లోపలి గడియారం ఎటూ తిరగదు. ఏళ్లు చేసినా పూర్తిగా మారేవాళ్లు బహు తక్కువ. ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధనా సంస్థ 2007లోనూ, మళ్లీ 2019లోనూ నైట్ షిఫ్టును 2ఎ వర్గంలో, అంటే బహుశా క్యాన్సర్ కలిగించేవాటిలో పెట్టింది. అది ముఖ్యంగా ఏళ్ల తరబడి చేసేవాళ్ల విషయం. మొదటి నెల నైట్లకు బెదరాల్సిన పని లేదు.

రోస్టర్ మన చేతిలో ఉండదన్నది అందరికీ తెలుసు. అయినా చేరేటప్పుడు ఇన్‌ఛార్జిని కొన్ని అడగొచ్చు. మొదటి రెండు మూడు నెలలు పొద్దుటి, మధ్యాహ్నం డ్యూటీలు. తర్వాత మొదటి నైట్లు సీనియర్‌తో కలిపి. డ్యూటీలు పొద్దుట, మధ్యాహ్నం, రాత్రి వరుసలో. రెండు డ్యూటీల నడుమ కనీసం పదకొండు గంటలు. మూర్ఛ, బైపోలార్ ఉన్నవాళ్లు నిద్ర చెడితే జబ్బు తిరగబెడుతుందని, ఇన్సులిన్ మీద ఉన్నవాళ్లు డోసు వేళలు తారుమారవుతాయని ముందే చెప్పాలి. ఇందులో సిగ్గుపడేదేం లేదు.

నైటే పడితే, ఆ మధ్యాహ్నం గంటన్నర పడుకుని వెళ్లండి. ఓవర్ తీసుకోగానే క్రాష్ కార్ట్ (అత్యవసర సామాన్ల బండి) విప్పి చూడండి: లారింగోస్కోప్ (గొంతులోకి చూసే పరికరం) బల్బు వెలుగుతోందా, ఆంబూ బ్యాగుకు (చేత్తో నొక్కి ఊపిరి అందించే సంచి) మాస్కు ఉందా, సక్షన్ (కఫం లాగే యంత్రం) లాగుతోందా, ఆక్సిజన్ సిలిండర్‌లో గ్యాసుందా, దాన్ని తిప్పే కీ అక్కడే ఉందా. కీ లేక వెతుక్కోవడం మహా మామూలు. ఇన్సులిన్, హెపారిన్, పొటాషియం క్లోరైడ్ లాంటివి డోసు తప్పితే ప్రాణం మీదికొస్తాయి; ఏదైనా ఇంకొకరికి చూపించాకే ఇవ్వండి. వార్డులో ఒక్కరే ఉంటే పక్క వార్డు సిస్టర్‌ను పిలవండి. కాఫీ రాత్రి రెండు గంటల తర్వాత వద్దు, పొద్దుటి నిద్రను అది తినేస్తుంది. దిగాక స్కూటీ నడపొద్దు, ఆటోనో బస్సో ఎక్కండి.